ట్రాలీకి గట్టి ఇరుసు: లావు ఒక్కటే చాలదు



ఆర్మూరు ప్రాంతమున పసుపు తవ్వకము మొదలైనదంటే ట్రాలీలకు తీరిక యుండదు. సరిగా ఆ రోజులలోనే ఇరుసు విరుగుట మీలో అనేకులకు అనుభవమే. కూలీలు పని లేక కూర్చుందురు. తవ్విన పసుపు చేనిలోనే కుప్పలుగా పడియుండును. ఆ తొందరలో దుకాణమునకు పోయి, "అన్నిటికంటె లావుగా ఉన్న యాక్సిలు ఇయ్యి" అని అడుగుదుము. డబ్బు వృథా అగుట అక్కడనే ప్రారంభమగునని నా అభిప్రాయము.

2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. అందరము ధరను గూర్చి మాట్లాడుచున్నాము, మంచిదే. కాని చేను నుండి మార్కెట్టు వరకు దారిలో పోవు ఖర్చు కూడ ధరలో కోతయే కదా!

ముందుగా, ఇరుసుకు ఎక్కువ శ్రమ ఎక్కడ కలుగునో చూడుడు. నూరు క్వింటాళ్ళ పచ్చి పసుపు ఉడికి ఎండిన తరువాత సుమారు ఇరువది క్వింటాళ్ళు మాత్రమే మిగులును. అనగా ట్రాలీ మోయు అసలు బరువు ఆర్మూరు రోడ్డు మీదిది కాదు. తడి రేగడిలో, గట్లు దాటుచు, చేను నుండి ఉడకబెట్టు కళ్ళము వరకు మోయు పచ్చి పసుపుదే ఆ బరువు. ఒక చక్రము గుంటలో పడినపుడు బరువంతయు ఒక వైపునకే ఒరుగును. కావున ఇరుసును చేని దారికి తగినట్లు ఎన్నుకొనవలెను.

రెండవది, పాత ఇరుసు ఎందుకు విరిగినదో తెలిసికొనక క్రొత్తది కొనరాదు. విరిగిన ముఖమును గుడ్డతో తుడిచి పరీక్షించుడు. కొంత భాగము నల్లగా, త్రుప్పు పట్టి, నున్నగా ఉండి, మిగిలినది తళతళలాడుచున్నచో, బీట చాల దినముల క్రిందటనే మొదలైనదని అర్థము. విరగక వంగినచో బరువు మించినదని అర్థము. బేరింగు కూర్చుండు చోట నీలముగా గాని నల్లగా గాని మాడియున్నచో తప్పు ఇరుసుది కాదు. గ్రీజు లేక బేరింగు పట్టివేసినది. అట్టి ట్రాలీకి ఎంత లావు ఇరుసు వేసినను మరల అదియే గతి.

ఇక లావు సంగతి. చదరపు గట్టి ఇరుసు యొక్క బలము దాని మందము పెరిగిన లెక్కన గాక, అంతకంటె వేగముగా పెరుగును. 65 మిల్లీమీటర్ల ఇరుసుకు బదులు అదే రకము ఉక్కుతో చేసిన 75 మిల్లీమీటర్లది వేసినచో, వంగకుండ నిలుచు శక్తి సుమారు ఒకటిన్నర రెట్లగును. ఆరడుగుల పొడవున పెరుగు ఇనుము ఇరువది కిలోలే. కొద్ది డబ్బు గలవానికి ఇదియే మంచి బేరము. ఒక్క మెట్టు పైకి పోయిన చాలును. రెండు మూడు మెట్లు ఎక్కనక్కరలేదు.

అయితే ఇచ్చట ఒక మోసము కలదు. కమాను పట్టీలు ఇరుసుపై కూర్చుండు చోటికి, చక్రము నడిమికి మధ్య దూరము ఎంత పెరిగిన, ఇరుసును వంచు శక్తి అంత పెరుగును. ఆ దూరము 20 సెంటీమీటర్ల నుండి 30కి పోయినచో భారము ఒకటిన్నర రెట్లగును. లావు ఇరుసుకు పెట్టిన డబ్బంతయు అచ్చటనే పోయినట్లే! కావున దుకాణమునకు పోవునపుడు పాత ఇరుసు పొడవు, పట్టీల చోటు, బేరింగుల నంబర్లు, చక్రపు స్టడ్డుల సంఖ్య కాగితముపై వ్రాసికొని పొండు. క్రొత్త ఇరుసుకు పాత హబ్బు సరిపడనిచో హబ్బులు, బేరింగులు కూడ కొనవలసివచ్చును. ధర అడుగునపుడు అన్నిటిని కలిపి అడుగుడు.

పాత ఇనుము దుకాణములో లారీ ఇరుసు చౌకగా దొరకవచ్చును. తీసికొనుటకు ముందు బేరింగు కూర్చుండు మెట్టు వద్ద కిరసనాయిలు పూసి, కొంతసేపు ఆగి, శుభ్రముగా తుడిచి, సుద్దపొడి రాయుడు. బీట యున్నచో లోని నూనె పైకి వచ్చి సుద్దపై గీత కనిపించును. గీత కనిపించిన ఇరుసును ఉచితముగా ఇచ్చినను తీసికొనవలదు. విరిగిన ఇరుసును అతికించి వాడుట అంతకంటె ప్రమాదకరము. అతుకు పక్కన వేడికి ఉక్కు పెళుసెక్కి, మరల అచ్చటనే విరుగును.

మిగిలిన డబ్బు గ్రీజుకు, బేరింగులకు, బ్రేకులకు ఖర్చు పెట్టుడు. తవ్వకమునకు ముందే హబ్బులు విప్పి, కడిగి, క్రొత్త గ్రీజు నింపించుడు. ఇరుసు గట్టిదైనదని బరువు పెంచితిమా, టైర్లు, కొక్కెము, ట్రాక్టరు బ్రేకులు పాతవే కదా! 44వ జాతీయ రహదారిపై లారీల నడుమ ట్రాలీ చక్రము ఊడినచో నష్టపోవునది ఇనుము కాదు. కూలీలను బస్తాలపై కూర్చుండబెట్టి తెచ్చు అలవాటును ఇకనైనను మానుకొనవలెను.

పంచాయతీ కార్యదర్శులకు, విస్తరణాధికారులకు ఒక మనవి. ఒక్క చేని దారిలోని గుంట పూడ్చినచో ఆ దారిన పోవు ట్రాలీలన్నిటి ఇరుసులు నిలుచును. తవ్వకమునకు ముందే, రైతు వేదికలో ఒక పూట మంచి మేస్త్రీని పిలిపించి, ఈ పరీక్షలు రైతులకు కళ్ళారా చూపించుడు.

ఇరుసు విరిగిన తరువాత పరుగెత్తువాడు అడిగిన ధర ఇచ్చును. విరుగక ముందు చూచుకొన్నవాడు బేరమాడి కొనును. ఈ యేడు మీరు రెండవవారిలో ఉండవలెనని నా కోరిక.