కరెంటు పొదుపు – ఎవరి బాధ్యత?

నేను చిన్నతరగతుల్లో ఉండగా, 2014లో, గుంటూరులో పాత బల్బులు రెండు తీసుకుని ఒక్కొక్కటి 10 రూపాయలకు ఎల్.ఇ.డి. బల్బులు ఇచ్చారు. నాన్నతో పాటు వరుసలో నిలబడ్డాను. ఆ పథకాన్ని నేను వెక్కిరించను. 2014లో 310 రూపాయలున్న బల్బు టోకు కొనుగోలు ధర 2016 నాటికి 38కి దిగిందంటే ప్రభుత్వం కట్టగట్టి కొనడమే ప్రధాన కారణం. మంచి పని మంచిదే.

అయితే బల్బు వేరు, ఫ్యాను వేరు మిత్రులారా!

హైదరాబాదులో నలుగురం ఒక అద్దె వాటాలో ఉంటున్నాం. మూడు ఫ్యానులు, మూడూ తాతల కాలం నాటివి. ఒక్కోటి 75 వాట్లు తాగుతుంది. ఇప్పుడొచ్చే బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాను మీదే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఈ లెక్కంతా కాగితం మీద వేసి ఇంటాయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "లెక్క బాగానే ఉంది బాబూ, బిల్లు కట్టేది మీరు, ఫ్యాను కొనేది నేనా?" అన్నారు. ఆయన్ని తప్పు పట్టలేను. పోనీ మేం కొందామా అంటే, పరీక్షలయ్యాక ఎక్కడుంటామో మాకే తెలియదు. రెండున్నర మూడు వేలు పోసి ఎవరి ఇంటికో ఫ్యాను బిగిస్తామా?

ఇదీ అసలు చిక్కు. 2023 జనవరి 1 నుంచి సీలింగు ఫ్యానులకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, సంతోషం. లేబుల్ కొత్త ఫ్యాను మీద ఉంటుంది. మా నెత్తిమీద తిరిగేది పాతది కదా!

నన్నడిగితే ఈ పథకాన్ని మేళాలలో, కౌంటర్లలో నడపడం మాని డిస్కంకే అప్పజెప్పాలి. ప్రతి ఇంటి మీటరూ వారికి తెలుసు, నెలనెలా బిల్లు వారే ఇస్తారు. ఫ్యాను వారే బిగించి, దాని ఖరీదును ఆ మీటరు బిల్లులో నెలకు కొంత చొప్పున రాబట్టుకోవాలి. అప్పు మనిషి మీద కాదు, మీటరు మీద ఉండాలి. మేం ఖాళీ చేస్తే తరువాత వచ్చినవాళ్ళు కడతారు. గాలీ వాళ్ళదే కదా. ఎన్ని పంచామన్నది కాకుండా, బిగించాక బిల్లులో ఎన్ని యూనిట్లు తగ్గాయన్నది లెక్క చూపాలి.

"జీరో బిల్లు వచ్చేవాడికి పొదుపు ఎందుకు?" అని మా రూమ్మేటు వాదన. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మొదలైన గృహజ్యోతి కింద అర్హులకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. (మాకు రేషను కార్డు లేదు గనుక మేం కడుతూనే ఉన్నాం.) నిజమే, అక్కడ ఇంటివారికి లాభం లేదు. కానీ ఆ యూనిట్ల డబ్బు కట్టేది ప్రభుత్వం! నెలనెలా సబ్సిడీ కట్టే బదులు, అందులోంచే ఒకసారి ఫ్యాను కొనిస్తే లాభపడేది ఖజానాయే.

ఇంతకీ మన హాస్టళ్ళలో పాత ఫ్యానులెన్ని? ఎవరైనా లెక్కపెట్టారా? సెలవులకు ముందే యూనియన్ తరఫున గదిగదికీ తిరిగి రాసుకుందాం. నోటుబుక్కు నేను తెస్తాను.