పోలీసువారి పిస్తోలు - ఇంటి రివాల్వరు

ఈ రెంటికిని భేదమేమని కొందఱు మమ్మడిగిరి. పోలీసువారు వాడు 9 మిల్లీమీటర్ల పిస్తోలు 1959 నాటి ఆయుధచట్టము క్రింద సామాన్యులకు నిషిద్ధము. గృహస్థులకు లైసెన్సుపై లభించునది .32 అంగుళముల రివాల్వరు. అనగా ఇంచుమించు 8 మిల్లీమీటర్లు. 2014లో కాన్పూరు కర్మాగారమువారు స్త్రీలకై వెలువరించిన ‘నిర్భీక్’ కూడ అట్టిదే.

మిల్లీమీటరు తగ్గినంత మాత్రమున ప్రమాదము తగ్గునా? 2020 డిసెంబరులో ఆదిలాబాదు తాటిగూడలో బాలుర క్రికెట్టు తగవు పెద్దలకు ప్రాకగా, లైసెన్సుగల ఆయుధమే ప్రేలి నిండుప్రాణమును గొనెను.

పోలీసువాని పిస్తోలు ఠాణా లెక్కలో నుండును. ఇంటిది మన బీరువాలో, పట్టుచీరల మాటున నుండును; పిల్లలకు తెలియని బీరువా యేది? ఎన్నికలవేళ దానిని ఠాణాలో అప్పగింపుమన్నచో మగవారు విసుగుకొందురు. ఇల్లాండ్రు మాత్రము ఆ దినములలో హాయిగా నిదురింతురు.