ఆచార్యునకు అద్దము

ముప్పదియేండ్లు బోధించి విశ్రాంతి గొన్న ఆచార్యుడు తన పాఠమును తా నొక్కసారియైన చూచుకొని యుండడు. మన దేశమున పసిపిల్లలకు ఓనమాలు దిద్దించువాడు ఉపాధ్యాయ శిక్షణమున ఉత్తీర్ణుడు కావలయును, ఎం.ఏ. తరగతికి బోధించువానికి తన శాస్త్రమున పట్టమున్న చాలును. పొలము తాకట్టు పెట్టి కుమారుని చదివించు తండ్రులు మా పాఠకులలో నున్నారు. వారు ఫీజెంతయని యడుగుదురే కాని, పాఠమెట్లు చెప్పుదురని యడుగరు.

1963లో అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డ్వైట్ అలెన్ మున్నగువారు సూక్ష్మబోధన యను పద్ధతి నారంభించిరి. అయిదు పది నిమిషముల పాఠము, కొలదిమంది విద్యార్థులు, ఒక వీడియో యంత్రము. బోధించినవాడు తన చిత్రమును చూచుకొని, లోపమెరిగి, మరల బోధించును. ఈ పద్ధతి మన దేశమునకును వచ్చినది. వచ్చి, ప్రధానముగా బి.ఎడ్. కళాశాలలయందే నిలిచిపోయినది.

ఇందువలన తెలియున దేమి? మేరీ బడ్ రో యను అమెరికా విదుషి పాఠశాలల ధ్వనిముద్రణములను పరిశీలించి 1970 దశకమున వెల్లడించిన సంగతి యొకటి గలదు. ప్రశ్న వేసిన ఉపాధ్యాయుడు జవాబు కొఱకు సుమారు ఒక్క సెకండు మాత్రమే ఆగుచుండెను! మూడు సెకండు లాగినచో జవాబులు దీర్ఘములయ్యెను. నోరు మెదపని పిల్లలును మాటాడసాగిరి. మన కళాశాలలలో ఇంతకన్న మేలుగా నున్నదని నమ్ముటకు మాకు కారణ మగపడదు. ఆ మౌనము బోధించువానికి యుగముగ తోచును; చిత్రమున చూచిననే గాని అది కన్నుమూసి తెరచునంతయని తెలియదు.

2020లో కరోనా కాలమున పాఠములు విరివిగా చిత్రితములైనవి. విద్యార్థులు చూచిరి. బోధించినవారిలో ఎందరు చూచుకొనిరి? తన గొంతు తానే వినుట యెవరికిని మొదట రుచింపదు గదా.

ఇక అసలు చిక్కు: ఆ చిత్రము ఎవరిది? అది ప్రిన్సిపాలు బల్లమీదికి పోవునని, పదోన్నతి కాగితములకు జతపడునని తెలిసినచో ఆచార్యుడు పాఠము చెప్పడు, నటించును. తప్పు చేయుటకు వెఱచువాడు క్రొత్తపద్ధతి నేల ప్రయత్నించును? కావున చిత్రము తీసికొన్నవాని సొత్తుగానే యుండవలయును. నమ్మకమైన సహాధ్యాపకు నొక్కనికి చూపుకొనవచ్చును. పని తీరినపిదప చెఱిపివేయవచ్చును. విద్యార్థులకు ముందుగా చెప్పి, వారి సమ్మతి గైకొనుటయు న్యాయము.

క్రొత్తగా కొనవలసిన యంత్రము లేదు. జేబులోని ఫోను చాలును. విశ్వవిద్యాలయాధికారులను మేము కోరున దొక్క ఉత్తరువు: అధ్యాపకుడు తనకై తీసికొన్న పాఠచిత్రమును ఏ విచారణకును, ఏ పదోన్నతికిని అడుగరాదని. రాబోవు విద్యాసంవత్సరమునకు ముందే దానిని వెలువరింతురు గాక.