రుచి తెలీట్లేదంటే పొగరు కాదు



దసరా సెలవుల్లో మా చిన్నాన్న కొడుకు రెండు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచిపోయాడు. వాడికిష్టమని పిన్ని ఎండుచేపల పులుసు చేసింది, చోడి అంబలి కాచింది. "ఏం తిన్నా మట్టి నమిలినట్టుందన్నా" అన్నాడు. హాస్టల్‌కి పోయి పొగరెక్కిందన్నారు ఇంట్లోవాళ్ళు. నానమ్మ దిష్టి తీసింది. నిద్ర పట్టట్లేదని, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదని, నెలరోజులుగా ఇంతేనని రాత్రి నాతో చెప్పాడు.

హాస్టల్ కూర బాగోలేదంటే అది మెనూ సమస్య. దానికి వార్డెన్‌ని నిలదీయాల్సిందే. కానీ అమ్మ వండినది కూడా చప్పగా ఉందంటే తప్పు వంటది కాదు.

ఇష్టమైనవాటి మీద ఇష్టం పోవడం డిప్రెషన్ ముఖ్య లక్షణాల్లో ఒకటి. తిండీ అందులోకే వస్తుంది. మెదడులో పనిచేసే సెరటోనిన్ నాలుక మీది రుచి మొగ్గల్లో కూడా ఉంటుంది. 2006లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు ఆరోగ్యవంతులకి సెరటోనిన్ పెంచే మందిచ్చి చూస్తే, తీపి, చేదు ఇంకా తక్కువ మోతాదులోనే తెలిశాయి. ఆందోళన ఎక్కువున్నవాళ్ళకి చేదు, ఉప్పు తెలియాలంటే ఎక్కువ మోతాదు కావాల్సొచ్చింది.

అలాగని రుచి పోయిన ప్రతివాళ్ళకీ డిప్రెషన్ అని ముద్ర వేయొద్దు. జింక్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, కోవిడ్ వచ్చినా, కొన్ని మందుల వల్లా రుచి పోతుంది. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులూ అందులో ఉన్నాయి. మన గూడేల్లో కనిపించే సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో జింక్ లోపం ఎక్కువ. అందుకే ముందు పీహెచ్‌సీలో చూపించుకోవాలి. వాడుతున్న మందు సొంతంగా ఆపకుండా డాక్టర్‌కి చెప్పాలి. మా తమ్ముడికి రెండూ బయటపడ్డాయి, రక్తం తక్కువ, మనసూ బాగోలేదు. రక్తం ఒక్కటే చూసుంటే సగం రోగం అలాగే ఉండిపోయేది.

నేననేది ఒక్కటే. హాస్టల్లో హెల్త్ చెకప్ అంటే బరువు, హిమోగ్లోబిన్‌తో సరిపెట్టకూడదు. "ఇష్టమైన కూర రుచిగా ఉంటోందా? నిద్ర పడుతోందా?" అని కూడా అడగాలి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, లేదా టెలి మానస్ 14416కి ఫోన్ చేయించండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనుంది అన్నమాట వస్తే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు.

సీనియర్లం మనమే మొదలుపెడదాం. ఈ రాత్రి మెస్‌లో కంచం అలాగే వదిలేసి లేచిపోయే తమ్ముడి పక్కన, చెల్లి పక్కన ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండి. జోహార్.