నెగెటివ్ రిపోర్టుతో పని అయిపోదు

హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆరో వారం నుంచి విడతలవారీగా పరీక్షలు చేసి, పద్దెనిమిది నెలలు నిండాక చివరి మాట చెబుతారు. నెగెటివ్ అని తేలితే జాతీయ హెచ్ఐవీ నియంత్రణ కార్యక్రమం దృష్టిలో ఆ బిడ్డతో పని ముగిసినట్టే. డాక్టర్లు, అధికారులు, పత్రికలవాళ్లు అందరూ గట్టిగా నమ్ముతున్నదొకటుంది: వైరస్ సోకలేదు కాబట్టి ఇక ఆ బిడ్డకు ప్రత్యేకంగా చేయాల్సిందేమీ లేదని. ఇందులో మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లిస్తున్నది, జీవితంలో అన్నిటికన్నా వేగంగా మెదడు పెరిగే వయసులో ఉన్న పసిపిల్లలు.

సాధించినదాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఏ మందూ అందకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకూ ఉంటుంది. సరైన చికిత్సతో అది 5 లోపుకు దిగుతుంది. మన దేశం 2002 ప్రాంతంలో ఒక్క మోతాదు నెవిరపిన్ మందుతో మొదలుపెట్టి, 2014 నుంచి హెచ్ఐవీ ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం, వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులిచ్చే విధానానికి వచ్చింది. ఇలాంటి విజయాల వల్లనే, గర్భంలో వైరస్ నీడన పెరిగి అది సోకకుండా పుట్టిన పిల్లలు ప్రపంచంలో సుమారు కోటీ అరవై లక్షలమంది అయ్యారు. వీళ్లలో అత్యధికులు ఆఫ్రికా దక్షిణ, తూర్పు దేశాల్లో ఉన్నారు. ఈశాన్య రాష్ట్రాల తర్వాత హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి కనుక మన పల్లెల్లోనూ ఉన్నారు. తల్లి నుంచి బిడ్డకు సోకడాన్ని అరికట్టినందుకు 2015లో క్యూబాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది. 2021లో బోట్స్వానా ఆ బాటలో వెండి స్థాయికి చేరింది. ఆ గుర్తింపు కోసం చూసేవి ఎంతమందికి సోకింది, ఎంతమంది గర్భిణులకు పరీక్షలు, మందులు అందాయి అన్నవి. ఆ పిల్లలు వేళకు నడిచారా, మాట్లాడారా అన్నది ఆ కొలతల్లో లేదు. కొలతలో లేనిదానికి బడ్జెట్లోనూ చోటుండదు.

ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం ఉందనడానికి ఆధారాలున్నాయి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ దగ్గరి పార్ల్ పట్టణంలో డ్రాకెన్‌స్టైన్ అధ్యయనం పిల్లలను తల్లి కడుపులో ఉన్నప్పటినుంచీ గమనిస్తూ వచ్చింది. రెండేళ్ల వయసుకు, హెచ్ఐవీ ఉన్న తల్లులకు పుట్టి వైరస్ సోకని పిల్లల్లో మాట అర్థం చేసుకోవడం, మాట్లాడటం రెండూ ఆలస్యమైనవారు ఎక్కువగా కనిపించారు. పోల్చింది అదే బస్తీల్లోని పేద కుటుంబాల పిల్లలతో. 2022లో వచ్చిన ఒక సమీక్ష పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసి మాటల విషయంలోనూ, నడక వంటి పెద్ద కదలికల్లోనూ ఇలాంటి వెనుకబాటునే గుర్తించింది. జింబాబ్వే పల్లెల్లో జరిగిన షైన్ పరిశోధనలో ఈ పిల్లల్లో దాదాపు సగంమంది ఏడాదిన్నర నిండేసరికి వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. ఇవన్నీ సగటు తేడాలు. ఈ పిల్లల్లో ఎక్కువమంది చక్కగానే ఎదుగుతారు. అయినా లక్షల సంఖ్యలో పిల్లలున్నచోట సగటులో చిన్న తేడా అంటే బడిలో మొదటి రోజునుంచే వెనకబడే వేలమంది పిల్లలు.

ఇది హెచ్ఐవీ వల్ల కాదు, పేదరికం వల్ల అని కొందరంటారు. పేదరికానికి పెద్ద పాత్రే ఉంది. కానీ పార్ల్‌లో పోల్చిన రెండు గుంపులూ పేదవే. తల్లి రోగనిరోధక శక్తి దెబ్బతినడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, బరువు తక్కువ బిడ్డ పుట్టడం, తల్లి మానసిక కుంగుబాటు, ఇంట్లో హింస, తండ్రి మరణం, ఇవన్నీ పేదరికంతో కలిసే పనిచేస్తాయి. ఏది ఎంత శాతం అని తేల్చేదాకా ఆగితే బిడ్డ ఆగడు. కారణం పేదరికమే అనుకున్నా, ఆ బిడ్డను వదిలేయడానికి అదెలా కారణమవుతుంది? బోట్స్వానాలో ఒక అధ్యయనం రెండేళ్ల వయసులో ఇలాంటి తేడా ఏదీ చూపలేదన్నది నిజమే. ఆ ఫలితం నా వాదనను బలహీనపరచదు. వెనుకబాటు రాసిపెట్టినది కాదని, పరిస్థితులను బట్టి తప్పించగలిగేదేనని అది చెబుతోంది.

ఇంకో అభ్యంతరం మరింత తీవ్రమైనది. ఇలా మాట్లాడితే, లోపం మందులదేననుకుని తల్లులు వాటిని మానేస్తారని, పిల్లల మీద ముద్ర పడుతుందని. మందుల మాట ముందు చెప్పాలి. కొన్ని మందుల ప్రభావం గురించి పరిశోధకులు ఇంకా చూస్తున్నారు. అలా చూడటం అవసరమే. కానీ ఏఆర్‌టీ లేని గర్భం బిడ్డకూ తల్లికీ ఎన్నో రెట్లు ఎక్కువ ప్రమాదం. బిడ్డ ఎదుగుదలకు మొదటి రక్షణ తల్లి ఆరోగ్యంగా బతికి ఉండటమే, దాన్నిస్తున్నది ఆ మాత్రలే. ఈ మాట తల్లికి చెప్పలేని కౌన్సెలింగ్ లోపాన్ని, నిజం దాచడానికి సాకుగా వాడుకోకూడదు. ముద్ర భయం మాత్రం అక్షరాలా నిజం. ఎవరి పిల్లలో తెలిస్తే ఊళ్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. అందుకే 2017 హెచ్ఐవీ చట్టం అనుమతి లేకుండా హెచ్ఐవీ స్థితిని బయటపెట్టడాన్ని నిషేధించింది. కాబట్టి ఈ పిల్లలకు వేరే రిజిస్టరు, వేరే కార్డు వద్దు. అంగన్‌వాడీలో పిల్లలందరినీ ఏడాదికి రెండుసార్లు చూడాల్సిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. ఎదుగుదలలో ఆలస్యాలను పసిగట్టడం దాని బాధ్యతల్లో ఒకటి. అందరికీ చేసే పరీక్ష నిజంగా చేస్తే, ఏ బిడ్డనూ వేలెత్తి చూపకుండా ఈ బిడ్డా అందులో ఉంటాడు.

గుర్తించాక చేయగలిగేది ఏముంది అంటారా? షైన్ పరిశోధనలోనే దీనికి కొంత సమాధానం ఉంది: మెరుగైన అనుబంధ ఆహారం, పరిశుభ్రత రెండూ కలిపి అందించిన కుటుంబాల్లో, హెచ్ఐవీ ఉన్న తల్లుల పిల్లలు రెండేళ్లకు కదలికల్లోనూ మాటల్లోనూ మెరుగయ్యారు, విడివిడిగా ఇచ్చినప్పుడు అంత ఫలితం లేదు. ఉగాండాలో తల్లులకు బిడ్డతో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించాలో ఏడాదిపాటు నేర్పిన తొలి ప్రయత్నం మంచి ఫలితాలిచ్చింది. తర్వాత పెద్ద ఎత్తున చేసినప్పుడు తల్లుల పెంపకం మెరుగైంది కానీ పిల్లల స్కోర్లలో అంత మార్పు రాలేదు. కాబట్టి శిక్షణ ఒక్కటే చాలదు, తిండి, నీళ్లు, తల్లి మనసు కలిసి రావాలి. వీటిలో ఏదీ కొత్త ఆసుపత్రి కట్టమనదు.

పైగా బిడ్డ నెగెటివ్ అని తేలాక కూడా తల్లి ఏఆర్‌టీ కేంద్రానికి వస్తూనే ఉంటుంది, జీవితాంతం. మాత్రలిచ్చే కౌంటర్ దగ్గర కౌన్సెలర్ ఆమెను అడిగే ప్రశ్నల్లో, రెండేళ్ల పిల్లవాడు రెండు మాటలు కలిపి అంటున్నాడా, నీకు నిద్ర పడుతోందా, ఇంట్లో తిండి సరిపోతోందా అన్నవి చేరాలి. ఆలస్యం కనిపిస్తే ఆమె అనుమతితో జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపే దారి రాతపూర్వకంగా ఉండాలి. జాతీయ కార్యక్రమం తన విజయాన్ని ప్రకటించే నివేదికలో, సోకకుండా కాపాడిన పిల్లల సంఖ్య పక్కనే, వాళ్లలో ఐదేళ్లకు ఎందరు వయసుకు తగ్గట్టు ఎదిగారన్న అంకె కూడా ఉండాలి.