పదవ తరగతి గడప దాటకముందే



పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారములో మన పల్లెలన్నిటిలో ఒకే ప్రశ్న వినబడుచుండును: “పిల్లవానిని ఏ గ్రూపులో చేర్చవలెను?” ప్రశ్న మంచిదే, గాని ఆలస్యముగా అడిగిన ప్రశ్న. వాన పడిన తరువాత గొర్రును, గుంటకను వెదకుకొను రైతు ఎవడును ఉండడు. ఇంటర్మీడియట్ చదువుకు సిద్ధపాటు కూడ అంతే. అది ఎనిమిది, తొమ్మిది తరగతులలోనే మొదలు కావలెను. ఈ నెల మనము ఆ సంగతి మాటలాడుకొందము.

కోసిగి ప్రాంతమునే తీసికొందము. కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటకకు చేరువలో ఉన్న మండలమిది. తుంగభద్ర దగ్గరలోనే పారుచున్నను, చాలా చేలకు వానే దిక్కు. 2011 జనాభా లెక్కలలో అక్షరాస్యత మిక్కిలి తక్కువగా ఉన్న మండలములలో ఇదియు ఒకటి. వాన తప్పిన యేడు ఇంటికి తాళము వేసి, పిల్లాజెల్లతో సుగ్గికి పోవుట ఇక్కడివారికి కొత్త గాదు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి ఏరుటకు పోయి, పని అయిన తరువాతనే తిరిగి వత్తురు. ఆ నెలలే బడిలో ముఖ్యమైన పాఠములు జరుగు నెలలు. మార్చిలో పరీక్షలు.

తొమ్మిదవ తరగతిలో మూడు నెలలు బడి మానిన పిల్లవాడు ఎట్లో పదవ తరగతి గట్టెక్కవచ్చును. సబ్జెక్టుకు 35 మార్కులు వచ్చిన పాసే గదా. గాని ఇంటర్‌లో ఆ మూడు నెలల లోటు బయటపడును. అక్కడి అధ్యాపకుడు క్రింది తరగతుల పాఠములు వచ్చినవనే తలంచి ముందుకు సాగును. వెనుకకు వచ్చి చెప్పుటకు ఆయనకు సమయముండదు.

ఈ రెండేండ్ల చదువు మన రాష్ట్రములో 1969-70లో పి.యు.సి. స్థానములో వచ్చినది. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడినది. ఇటీవల పెద్ద మార్పులు జరిగినవి. 2024-25లో పదవ తరగతికి, 2025-26లో ఇంటర్ మొదటి సంవత్సరమునకు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యక్రమము వచ్చినది. కనుక అన్న చదివిన పాత పుస్తకములు, పాత గైడ్లు తమ్మునికి పూర్తిగా పనికిరావు. ముందుగా ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

పిల్లలు ఎక్కడ తడబడుదురు? మాకు మూడు చోట్లు కనబడుచున్నవి.

మొదటిది లెక్కలు. మూడును నాలుగును కలిపి వర్గము చేయుమనగా, చాలామంది పిల్లలు తొమ్మిదికి పదునారు కలిపి 25 అందురు. సరియైన జవాబు 49. ఇది బల్లమీద వ్రాసి కొట్టివేసిన పోవు తప్పు గాదు. నేలమీద ఏడడుగుల చదరము గీసి, రెండు వైపులను మూడు, నాలుగు అడుగులుగా విభజించి చూపుడి. మూడడుగుల చదరమొకటి, నాలుగడుగుల చదరమొకటి, వాటి ప్రక్కన పండ్రెండేసి చదరపు అడుగుల ముక్కలు రెండు కనబడును. పిల్లవాడు మరచిన 24 అవే. మడి కొలిచే ఇంటి పిల్లవానికి ఇది వెంటనే అర్థమగును. ఋణ సంఖ్యలు, భిన్నములు, కారణాంకములు, సమీకరణములు ఈ నాలుగును తొమ్మిదవ తరగతి ముగియులోపల చేతికి రావలెను. ఇవి రానివానికి ఎం.పి.సి. మొదటి నెలలోనే బరువగును.

రెండవది భాష. ఇంట తెలుగు, సరిహద్దు ఊళ్ళలో కన్నడము, పుస్తకములో ఇంగ్లీషు. పిల్లవానికి సంగతి తెలిసినను పేరు తెలియక వెనుకబడును. దీనికి ఖర్చు లేని మందు ఒకటున్నది. ఒక నోటుపుస్తకమును నిలువుగా రెండు భాగములు చేయించుడి. ఒకవైపు తెలుగు మాట, ఎదుట ఇంగ్లీషు మాట. ఆమ్లము, యాసిడ్. కిరణజన్య సంయోగక్రియ, ఫోటోసింథసిస్. వేగము, వెలాసిటీ. ప్రక్కనే తన సొంత మాటలలో ఒక వాక్యము వ్రాయవలెను. దినమునకు అయిదు మాటలు చొప్పున ఎనిమిదవ తరగతిలో మొదలుపెట్టినవాడు పదవ తరగతి ముగియునాటికి వేలకొలది మాటలు కూడబెట్టును.

మూడవది సొంతముగా చదువుట. పదవ తరగతిలో ఉపాధ్యాయుడు ప్రశ్నలు ఏర్పరచి ఇచ్చును, పిల్లవాడు కంఠతా పట్టును. ఇంటర్‌లో పాఠము పెద్దది, వివరణ తక్కువ. అధ్యాపకుడు చెప్పుచుండగనే నోట్సు వ్రాసికొనవలెను. అందుచేత ఇప్పటినుండే రాత్రి ఒక పుట చదివి, పుస్తకము మూసి, ఏమి చదివినాడో అయిదు వాక్యములలో చెప్పమనుడి. తల్లికి అక్షరములు రాకున్నను ఇది చేయించగలదు. బిడ్డ తడబడుచున్నదో లేదో వినుటకు చెవులు చాలును గదా.

ఇక గ్రూపు మాట. ఎదురింటివాడు చేరినాడని ఎం.పి.సి.లో చేర్చకుడి. లెక్కలమీద ఇష్టముండి ఇంజనీరింగు వైపు పోగోరువానికి అది తగును. వైద్యము, వ్యవసాయ శాస్త్రము, బి.ఎస్సీ. నర్సింగ్ కోరువారికి బై.పి.సి. వాణిజ్యము, న్యాయశాస్త్రము, ఆఫీసు ఉద్యోగములు తలంచువారికి సి.ఇ.సి. తక్కువది గాదు. పదవ తరగతి తరువాత పాలీసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా చేయవచ్చును, ఆపైన ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరవచ్చును. ఐ.టి.ఐ. దారి కూడ ఉన్నది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ప్రవేశము పదవ తరగతి మార్కులనుబట్టియే ఇచ్చుచున్నారు. ఈ దారులన్నియు తొమ్మిదవ తరగతిలోనే బిడ్డకు తెలియవలెను. అప్పుడే తన శక్తికి తగినది ఎన్నుకొనగలడు.

ఒకవేళ ఒక సబ్జెక్టు తప్పినను ఇల్లు కూలినట్లు మాటలాడకుడి. సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది, సార్వత్రిక విద్యాపీఠము ఉన్నది. పరీక్ష మరల వ్రాయవచ్చును, బిడ్డను మరల తెచ్చుకొనలేము.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. మన ప్రాంతములో పదవ తరగతి అనగా చాలామంది అమ్మాయిలకు చదువు చివర, పెండ్లికి మొదలు. 2024 ఏప్రిల్‌లో వెలువడిన ఇంటర్ మొదటి సంవత్సర ఫలితాలలో ఆదోని ప్రాంతపు ఒక బాలిక 440కి 421 మార్కులు పొందినది. అంతకుముందు ఇంటివారు ఆమెకు పెండ్లి తలపెట్టగా, అధికారులు ఆపి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములో చేర్చిరి. ఒక్క సంవత్సరపు ఆగుట ఎంత పని చేసినదో చూడుడి. 2006 నాటి చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని అమ్మాయికి పెండ్లి చేయుట నేరము. ఎక్కడైన అట్టి ప్రయత్నము కనబడిన 1098కి ఫోను చేయవచ్చును. మన సంఘములలో పెండ్లి ప్రకటన చదువుటకు ముందే పుట్టిన తేదీ పత్రము చూచుట పాస్టరుగారి బాధ్యత, పెద్దల బాధ్యత.

ఖర్చు మాట వచ్చినప్పుడు సహాయము కూడ తెలిసికొనుడి. 2025 జనవరిలో ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో మధ్యాహ్న భోజనము ఆరంభించిరి. 2025 జూన్‌లో ఇచ్చిన ‘తల్లికి వందనం’ సొమ్ము ఇంటర్ విద్యార్థుల తల్లులకు కూడ అందినది. గాని కుల, ఆదాయ ధృవపత్రములు లేక నిలిచిపోవువారు చాలామంది. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రములో బి.సి.-సి వర్గముగా లెక్కింతురు. ఫలితాలు వచ్చినాక కార్యాలయముల చుట్టు తిరుగుటకంటె, బిడ్డ తొమ్మిదిలో ఉండగనే ఆధార్‌లోను బడి రికార్డులోను పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నవో లేదో చూచుకొనుట మేలు.

సుగ్గికి పోక తప్పని కుటుంబములకు మా మనవి ఒక్కటే. తొమ్మిది, పది తరగతుల బిడ్డను వెంట తీసికొనిపోకుడి. అవ్వ దగ్గరనో, పెద్దమ్మ ఇంటనో, హాస్టలులోనో ఉంచుడి. ఆ బిడ్డ ఏరు పత్తి కొద్దినెలల కూలి ఇచ్చును; ఆ నెలల చదువు పోయిన తరువాత ఏ కూలితోను కొనలేము.

ఊరిలో మిగిలినవారికి కూడ పనియున్నది. ఒకప్పుడు మిషన్ బోర్డింగులు మన పెద్దలలో ఎందరికో అన్నము పెట్టి అక్షరము నేర్పినవి. నేడు ప్రతి ఊరిలో బోర్డింగు కట్టలేము. గాని గుడిలో దీపమున్నది, చాప ఉన్నది, సాయంకాలము ఖాళీగా ఉన్నది. ఊరిలో ఇంటర్, డిగ్రీ చదివిన యువతీ యువకులు వారమునకు రెండు సాయంకాలములు, లెక్కలకు ఒకటి, ఇంగ్లీషుకు ఒకటి, ఇచ్చిన చాలును. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన పిల్లలకు ఆ గంట చదువుతోపాటు తోడు కూడ దొరకును.

ఈ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మీ సంఘములో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలెందరున్నారో ఒక కాగితముమీద పేర్లు వ్రాయుడి. వారిలో ఎవరి ఇంటివారు ఈ యేడు సుగ్గికి పోవుదురో పేరు ప్రక్కన గుర్తు పెట్టుడి. ఆ గుర్తున్న బిడ్డ ఎవరి ఇంట ఉండునో మందిరము తలుపు మూయకముందే తేల్చుకొనుడి.