తూము తాళం ఎవరి దగ్గర?

మా అక్క కొడుకు హన్మకొండలో ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్నాడు. ముగ్గురు దోస్తులతో కలిసి మన దిక్కు చెరువుల వివరాలు చూపే చిన్న యాప్ రాస్తున్నాడు. మొన్న ఆదివారం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మామా, కోడ్ పెట్టుకున్న అకౌంట్ లాక్ అయింది. మెయిల్ మీద మెయిల్ పెడుతున్నం, జవాబు లేదు."

"కోడ్ పోయిందా?"

"కోడ్ పోలె. నలుగురి ల్యాప్‌టాపుల్ల ఉంది. ఆర్నెల్ల సంది రాసుకున్న తప్పుల జాబితా, ఏ మార్పు ఎందుకు చేసినమో మాట్లాడుకున్న ముచ్చట్లు, అన్నీ అండ్లనే ఉండిపోయినయ్."

ఆ సర్వీసు పేరు ఇక్కడ అనవసరం. ఎక్కడైనా జరగొచ్చు.

గిట్, గిట్‌హబ్ ఒకటే అని చాలామంది అనుకుంటారు. కాదు. గిట్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా వాడొచ్చు, చదవొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. అది పుట్టిన కథే మనకో పాఠం. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లు 2002 నుంచి బిట్‌కీపర్ అనే ఓ కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకున్నారు. 2005లో ఆ కంపెనీ ఉచిత అనుమతిని వెనక్కి తీసుకుంది. దాంతో లినస్ టోర్వాల్డ్స్ గిట్ రాశాడు. అందులో కోడ్ చరిత్ర మొత్తం ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది. మావాడి కోడ్ దక్కింది అందుకే.

గిట్‌హబ్ అలా కాదు. 2008లో మొదలైన ఆ సర్వీసును 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. లోకంలోని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం అక్కడే ఉంది గానీ, ఆ సైటును నడిపే కోడ్ మాత్రం బయటివాళ్లకు ఇవ్వరు. చెరువు ఊరందరిదీ, తూము తాళం ఒక్కరిదీ అన్నట్టు.

తాళం పడితే ఏమవుతుందో చూశాం. 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియా డెవలపర్ల ప్రైవేట్ రిపోజిటరీలకు గిట్‌హబ్‌లో అడ్డుకట్ట పడింది. ఇరాన్ వాళ్లకు 2021లో గానీ తెరుచుకోలేదు. 2014 డిసెంబరు చివర్లో మన ప్రభుత్వమే 32 సైట్లను ఆపమంటే, ఆ జాబితాలో గిట్‌హబ్ కూడా ఉంది. అంత పెద్ద గూగుల్ నడిపిన గూగుల్ కోడ్ 2016 జనవరిలో మూతపడింది.

ఇదంతా విని మావాడు ఒక్క మాటన్నాడు. "నిజమే మామా, కానీ ఇంటర్వ్యూల్ల గిట్‌హబ్ లింకే అడుగుతరు."

కాదనలేను. ఉద్యోగం కావాల్సిన పిల్లగాణ్ని సిద్ధాంతం కోసం ఉపవాసం ఉండమనలేం. కానీ గిట్‌తో ఒకే కోడ్‌ను రెండు చోట్లకు పంపొచ్చు. అసలు పని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో నడిచే చోట పెట్టు, నకలు గిట్‌హబ్‌లో ఉంచు అన్నాను. బెర్లిన్‌లో లాభాపేక్ష లేని సంఘం నడిపే కోడ్‌బర్గ్ ఉంది. హైదరాబాద్‌లో 2005 నుంచి పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ కూడా గిట్‌ల్యాబ్‌తో సొంత సర్వర్ నడుపుతోంది. సొంతంగా పెట్టుకుంటావా, అది బర్రెను కట్టేసుకున్నట్టే. పండగ రోజైనా మేత వెయ్యాలి. అప్‌డేట్లు, బ్యాకప్‌లు నీ నెత్తినే.

ఎక్కడ పెట్టినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ సైటును నడిపే సాఫ్ట్‌వేర్ మన చేతికి దొరుకుతుందా? ఫలానా దేశం వాళ్లు రావద్దని తలుపు మూస్తుందా? రేపు వెళ్లిపోవాల్సి వస్తే, కోడ్‌తో పాటు మన చర్చలూ మనతో వస్తాయా? మూడోదే అందరూ మరిచేది. ఉచితంగా ఇస్తున్నారు కదా అని చేరిపోతాం, మూటాముల్లె సర్దుకునే రోజు గుర్తొస్తుంది.

"ఇంతకూ లైసెన్స్ ఫైలు పెట్టినవా అల్లుడూ?" అనడిగాను. పెట్టలేదు. కోడ్ అందరికీ కనబడినంత మాత్రాన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిపోదు. లైసెన్స్ లేకపోతే వాడుకునే హక్కు ఎవరికీ ఉండదు.

ఆ రాత్రే మా ఇంట్లో కూర్చుని కొత్త చోట ఖాతా తెరిచాడు. ముందు లైసెన్స్ పెట్టాడు. తర్వాత నలుగురూ ఫోన్లో మాట్లాడుకుంటూ పాత తప్పుల జాబితా మళ్లీ రాయడం మొదలుపెట్టారు. సగం కూడా గుర్తుకు రాలేదు.